అయిదు చీట్లు, ఒక జమ్ములమ్మ

అయిదు చీట్లు రాయడానికి మామూలు మనిషికి ఎంతసేపు పడుతుంది? నాకు అర నిమిషం పట్టింది. అయిదింటి మీదా ఒకే పేరు రాస్తే అంతే పడుతుంది మరి. ఆ పేరు అమూల్య. నా కూతురికి నేను పెట్టాలనుకున్న పేరు.

నవ్వకండి. ముందు నా బాధ వినండి.

మా ఆవిడ రజిత పెడతానంటున్న పేరు జమ్ములమ్మ. దేవత పేరే, దండం పెట్టుకుంటాను, దేవతతో నాకు పేచీ లేదు. నా భయమంతా మా పెద్దమందడిలో మూడిళ్ల అవతల ఉండే జమ్ములమ్మతో. ఒకసారి నల్లా దగ్గర ఆమె బిందె కోసం తగువు పెట్టుకుంటే వనపర్తి బస్సు ఆగింది. ఎవరికి ఏమైందోనని కండక్టర్ దిగి చూసి పోయాడు. మా ఊళ్లో ఎవరైనా గొంతు పెంచితే "ఏంది, జమ్ములమ్మ లెక్క మొత్తుకుంటున్నవ్?" అంటారు. నా బండి తన ముగ్గు తొక్కిందని ఆమె నన్ను ఆరు నెలలు తిట్టింది. తొక్కిన మాట నిజమే.

"రేపు బడిల పిల్లలు నవ్వుతరే," అన్నాను రజితతో.

"నవ్వనీ. నవ్వనీకె పిల్ల బతికి ఉన్నది గదా."

 ఆ మాట ఎందుకందో చెప్తాను.

రజితకు నొప్పులు మొదలైన రోజు పొద్దున పదింటికి అంబులెన్సు వచ్చింది. అందరూ కోతలకు పోయారు. తోడు రావడానికి ఇంటి దగ్గర ఉన్నది జమ్ములమ్మ ఒక్కతే, ఆమే ఎక్కింది. ఊరు దాటగానే, వడ్లు కొనే సెంటర్ ముందు రోడ్డు నిండా ట్రాక్టర్లు. లైను పోతే మళ్లీ దొరకదని ఒక్కరూ కదలరు. సైరన్ మోగుతూనే ఉంది. నేను దిగి "అన్నా, జర జరుగుండ్రి, దండం పెడ్త" అని ఒక్కొక్కరినీ బతిమాలాను. నా గొంతు నాకే వినపడలేదు. లోపల నర్సు "బిడ్డ అడ్డం తిరిగింది, జల్ది పోవాలె" అంటోంది. 

అప్పుడు జమ్ములమ్మ దిగి, కొంగు నడుముకు దోపింది.

"ఏమ్రా, మీ అమ్మలు మిమ్మల్ని ట్రాక్టర్ల మీద కన్నరా? వడ్లు ఇయ్యాల గాకుంటె రేపు అమ్ముకుంటరు. పిల్ల పోతే ఎవడు తెస్తడు? తియ్యిండ్రి!"

పదకొండు ట్రాక్టర్లు వెనక్కి పోయాయి. ఒకటి తొందరలో చేన్లోకే దిగింది. వనపర్తి దవాఖానలో డాక్టరమ్మ "ఇంకో పావుగంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు" అంది.

"అయితే చీర పెడదాం, కాళ్లు మొక్కుదాం. పేరెందుకే?" అన్నాను రజితతో.

"చీర రెండేండ్లకు చినుగుతది."

వాదించి గెలవలేనని తెలిసిపోయింది. "సరే, దేవునికే వదిలేద్దాం. నీ పేరు, నా పేరు, మా అమ్మ చెప్పిన పేర్లు, అన్నీ చీట్ల మీద రాస్త. తొట్టెల నాడు తీద్దాం" అన్నాను.

పొయ్యి మీది పాలను చూసినట్టు నన్ను కాసేపు చూసింది. "మంచిది. గని చీటీ జమ్ములమ్మత్తనే తియ్యాలె."

"ఎవరన్న తియ్యనీ!" అన్నాను. నా పెద్దమనసుకు నేనే మురిసిపోయాను.

వనపర్తిలో నాకు ఫ్లెక్సీల షాపు ఉంది. అందులో డిజైన్లు చేసే ఇబ్రహీంతో ముందే చెప్పాను, అమూల్య పేరుతో పెద్ద ఫ్లెక్సీ కొట్టి, చుట్టి కట్టి పెట్టమని. చీటీ తీయగానే తాడు గుంజాలి.

"చీటీ తియ్యకముందే పేరెట్ల తెలిసిందన్నా?"

"దేవుని మీద నమ్మకం ఉండాలె ఇబ్రహీం."

ఇరవై ఒకటో రోజు తొట్టెల కట్టి పిల్లను అందులో పడుకోబెట్టాం. వాడకట్టంతా వచ్చింది. జమ్ములమ్మ కళ్లు మూసుకుని పళ్లెంలోంచి ఒక చీటీ తీసి, "నాకు సదువు రాదు, నువ్వే సూడు బిడ్డా" అని రజిత చేతికిచ్చింది. రజిత విప్పింది. నా వైపు చూసి నవ్వింది.

"జమ్ములమ్మ!" అని గట్టిగా చదివింది.

నేను ఎగిరి లేచాను. "గట్లెట్లయితది!"

"ఎందుకు గాదు?" అంది రజిత.

అందరూ నన్నే చూస్తున్నారు. ఏం చెప్పను? ఆ పేరు ఏ చీటీ మీదా లేదని చెప్పనా? "ఏం లేదు, సంతోషంతోని లేచిన," అని కూర్చున్నాను.

అప్పుడు ఫ్లెక్సీ గుర్తొచ్చింది. వద్దు వద్దని చెయ్యి ఊపాను. గుంజమంటున్నాననుకుని ఇబ్రహీం గుంజాడు. గులాబీల మధ్య నా కూతురి ఫోటో, దాని కింద మూరెడేసి అక్షరాలు: చిరంజీవి జమ్ములమ్మ.

"నిన్న పాప ఫోటో కోసం ఫోన్ చేస్తె వదిన పేరు మార్పిచ్చింది. నీకు తెల్వదా?" అని ఇబ్రహీం నా చెవిలో అడిగాడు.

ఫ్లెక్సీ మీద ఏముందో ఎవరో జమ్ములమ్మకు చదివి చెప్పారు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టింది. "చీటీ ఇప్పుడె తీస్తి గదా. గిది ఎప్పుడు కొట్టిచ్చిండ్రు?"

 రజిత తొణకకుండా నన్ను చూపించింది. "నీ కొడుకే అత్తా. ఏ చీటీ వచ్చినా పిల్లకు నీ పేరే ఉండాలని ముందే కొట్టిచ్చిండు."

జమ్ములమ్మ నా దగ్గరికి వచ్చింది. తిట్లు పడతాయని కళ్లు మూసుకున్నాను. పడలేదు.

"తిట్టనీకె తప్ప నా పేరు ఎవ్వరు తియ్యలే కొడుకా, ఇన్నేండ్లల్ల," అంది. అంత చిన్న గొంతు ఆమెకు ఉందని నాకు తెలియదు. నా తల మీద చెయ్యి పెట్టింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ చెయ్యే లేకపోతే నా ఇల్లు ఇవాళ ఎలా ఉండేది? "పెద్దమ్మా, ఆ దినం నువ్వు లేకుంటె..." అన్నాను. వంగి ఆమె కాళ్లు మొక్కాను.

రజిత మిగతా చీట్లు కొంగులో ముడివేసుకుంటూ నా పక్కకు వచ్చి గుసగుసగా అంది. "నీ అంగీ ఉతుకుతుంటె జేబుల దొరికినయ్. అయిదింటి మీద ఒక్కటే పేరు. దేవునికి ఏం మిగిల్చినవయ్యా?"

నేను చేయాల్సిన పని తాను చేసి, మంచితనం నా ఖాతాలో వేసింది. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

"పెద్దమ్మా, పిల్ల చెవుల పేరు నువ్వే చెప్పు. జర మెల్లగ," అన్నాను.

జమ్ములమ్మ తొట్టెలలోకి వంగి, తనకు చేతనైనంత మెల్లగా చెప్పింది.

వీధి చివర వనపర్తి బస్సు ఆగింది. కండక్టర్ దిగి, ఎవరికి ఏమైందని అడిగాడు.

"ఏం కాలేదన్నా," అని నేనే గట్టిగా అరిచాను. "నా బిడ్డకు జమ్ములమ్మ అని పేరు పెట్టినం!"