ఒకే రాగం, బోలెడు లాభం

మాటలో రాగం చచ్చిపోవడమంత శుభవార్త ఈ మధ్యకాలంలో మరొకటి లేదు. సంతాప సభలు పెట్టేవాళ్లు పెట్టుకోండి. కర్టెన్లు, దుప్పట్లు అమ్ముకు బతికే నేను లాభనష్టాలు చూసే మాట్లాడతాను.

మా అమ్మమ్మ మాట ఊయలలా సాగేది. "వస్తావురా" అంటే చివరి దీర్ఘం వీధి మలుపు దాకా వినబడేది. మా నాన్న ఆ దీర్ఘాన్ని సగానికి కోశాడు. మిగిలిన సగాన్నీ నేను మింగేశాను. కౌంటరు ముందు జనం నిలబడి ఉంటే దీర్ఘాలు తీసే తీరికెవరికి? ఇప్పటివాళ్లు మాటను చదునుగా పరిచి, చివర మాత్రం చిన్న మెట్టెక్కిస్తున్నారు. అడిగినా అదే మెట్టు, చెప్పినా అదే, తిట్టినా అదే. కస్టమర్ కేర్ పాట ఇంటింటికీ పాకింది.

ఎంత సుఖమో ఆలోచించండి! పూర్వం "మళ్లీ వస్తాం" అన్నప్పుడు గొంతు ఎక్కడ బరువైందో విని, ఆ మనిషిని పోనివ్వాలా, ధర తగ్గించి వెనక్కి పిలవాలా తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు అందరూ ఒకే తీపితో అంటారు, అదే తీపితో పక్క షాపుకు పోతారు. నా చెవులకు విశ్రాంతి.

అందుకే ట్రైనర్ని పిలిపించి షాపులో అందరికీ ఆ రాగం నేర్పించాను. కౌంటరులో కూర్చునే మా ఆవిడ మూతి ముడిచింది.

"నా గొంతుకేం రోగం వచ్చిందట?"

"రోగం కాదే, కారం. కస్టమర్లు జడుసుకుంటున్నారు."

"కస్టమర్లా, తమరా?"

అయినా నేర్చుకుంది. క్లాసులో ఫస్టు. అంతకుముందు వంటింట్లోంచి వచ్చే "ఊఁ" బరువుగా పడిందా, విసురుగా పడిందా అన్నదాన్ని బట్టి నేను భోజనానికి కూర్చోవాలో, బజారుకు జారుకోవాలో తెలిసేది. ఇప్పుడా గొడవ లేదు. తను కుట్టుమిషను పెట్టుకున్న గదిని మా తమ్ముడి సరుకుకు ఇచ్చేస్తానన్నాను. "అలాగేనండీ, తప్పకుండా" అంది, చివర మెట్టెక్కించి. మురిసిపోయాను. మర్నాడు అదే తీపితో "వెళ్లొస్తానండీ" అని వాళ్లన్నయ్య ఇంటికి బయల్దేరింది. బస్సు దాకా సంచి మోసింది నేనే.

వారాలు గడిచాయి. ఫోన్ చేస్తే ఎత్తుతుంది.

"కోపమా?"

"అదేం లేదండీ."

"ఎప్పుడొస్తావు మరి?"

"తప్పకుండా తెలియజేస్తానండీ."

వెళ్లి కాళ్లావేళ్లా పడాలా? ఊరుకుంటే తనే వస్తుందా? గొంతు విని బేరం తెంచడమే బతుకైన నాకు అంతు చిక్కడం లేదు. గది ఖాళీ చేయించి, మిషను యథాస్థానంలో పెట్టించానని చెప్పాను. "చాలా సంతోషమండీ" అంది. ఆ సంతోషం ఎంతో, అసలుందో లేదో!

ట్రైనర్ గారికి ఒక్కటే విన్నపం. మనసారా తిట్టడం మళ్లీ నేర్పే క్లాసు ఏదైనా పెట్టండి. మొదటి అడ్మిషన్ మా ఆవిడదే. ఫీజు దగ్గర బేరమాడను.