ఎనిమిది అంగుళాల శని

ఆ గురువారం ఉదయం బసవపున్నయ్య వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, కారుకు టైర్లు ఎంపిక చేయడం, ఆ తరువాత జూబ్లీహిల్స్‌లోని తన సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్ళి, రావలసిన ప్రాజెక్టు ఇంకా ఎందుకు రాలేదో ఉద్యోగులను నిలదీయడం. నగరంలో ప్రతి రెండో మేడ మీదా కంప్యూటర్ శిక్షణ బోర్డు వేలాడుతున్న రోజులవి. అలాంటి బోర్డులు కొన్ని తగిలించి, వచ్చిన డబ్బుతో కంపెనీ పెట్టి, ఆపైన జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టిన బసవపున్నయ్యకు, ఫిల్మ్ నగర్ ఇంత దగ్గరలో ఉండగా సినిమా తీయకపోవడం ఇరుగుపొరుగును అవమానించడమే అనిపించింది.

కథానాయకుడు ఆయన కుమారుడు అద్వైత్. ఎంపికలో పోటీ లేదు. కథలో డ్రాగ్ రేసు ఉంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం దూసుకుపోయే పందెం అది. మలుపులు లేని పందెం కనుక అద్వైత్ డ్రైవింగ్‌కూ, నటనకూ అది సమానంగా అనువైనదని అందరూ భావించారు.

దర్శకుడు తిరుమలేశ్‌కు ఇది మొదటి చిత్రం. కృష్ణానగర్‌లో ఒక గదిని ముగ్గురితో పంచుకుని, పెళ్ళయ్యాక అదే గదిని భార్య బాలమణితో పంచుకుని, ఇతరుల చిత్రాలకు సహాయకుడిగా యౌవనం ఖర్చు చేసినవాడు. మరునాటి ముహూర్తపు షాట్‌లో కారు గీత దగ్గర బయలుదేరి కెమెరా దాకా ఆగకుండా రావాలి. నిర్మాత షరతు స్పష్టంగా ఉంది.

"షాట్ ఆగిందా, సినిమా ఆగినట్టే. రెండో టేకు ఉండదు. సెంటిమెంటయ్యా, మరోలా అనుకోకు."

"అనుకోను సార్. గానీ మా బాలమణి గల్లీ మొత్తం చెప్పుకున్నది, నేను డైరెక్టరైన అని. జర మంచి టైర్లు ఏపియ్యుండ్రి, చాలు."

టైర్లు రెండు రకాలు వాకిట్లో ఉన్నాయి. వాటిని మద్రాసు నుంచి తెప్పించిన గ్యారేజీ యజమాని వెంకటనర్సయ్య, తనకు తెలియని వాహనం భూమి మీద లేదని రోజూ ప్రకటించే మనిషి. ఆ రోజు మాత్రం నిజమే చెప్పాడు.

"గీ రిమ్ము వెడల్పు ఆరున్నర అంగుళాలు సార్. దీనికి గీ ఎనిమిది అంగుళాల టైరు మంచిగ కూసుంటది. గా పదమూడున్నర కావాల్నంటే రిమ్ములు మార్వాలె."

బసవపున్నయ్య వంగి, రెండు టైర్ల పక్కన అచ్చయిన అంకెలను పరీక్షించాడు.

"రెండిటికీ చివర పదిహేనే ఉంది కదయ్యా! మన చక్రమూ పదిహేనే. ఫుల్లీ కంపాటిబుల్!"

ఆ పదిహేను టైరు నడిమి రంధ్రానికి సంబంధించిన కొలత. వెడల్పుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఏ టైరు ఎంత వెడల్పు రిమ్ముకు నప్పుతుందో తెలిపే కాగితాన్ని తయారీదారు జతచేసే పంపాడు. దాని మీద అప్పటికే కాఫీ కప్పు పెట్టి ఉంది.

"పెద్దదే తీసుకుందాం. ఏదైనా స్కేలబుల్‌గా ఉండాలి."

"కారు రేపు పెరుగుతదా సార్?" అన్నాడు తిరుమలేశ్.

"పోనీ రిమ్ములు మార్తా," అన్నాడు వెంకటనర్సయ్య.

గుమ్మంలోంచి లక్ష్మీకాంతమ్మ గొంతు వినిపించింది. ఆమె బసవపున్నయ్య భార్య. అంటే అంతిమ తీర్పు.

"పెద్దమ్మ గుడి దగ్గర పూజ చేయించిన చక్రాలండీ అవి! మార్చడానికి వీల్లేదు. టైర్ల సంగతి సిద్ధాంతి గారినే అడగండి."

వాహనశాస్త్రంతో ఏ పరిచయమూ లేని సిద్ధాంతి గారు ఫోన్‌లోనే తేల్చేశారు. "ఎనిమిదా? శని అండీ! అబ్బాయిని శని మీద కూర్చోబెడతారా? పదమూడున్నర అంటే ఒకటి, మూడు, అయిదు. కలిపితే తొమ్మిది. కుజుడు! వేగానికి ఆయనే కదండీ అధిపతి."

దశాంశ బిందువును సిద్ధాంతి గారు ఏ గ్రహానికి అప్పగించారో ఎవరూ అడగలేదు. తొమ్మిది ఖాయమైంది.

వెనక చక్రాల ఇరుకు రిమ్ముల మీదికి ఎక్కించిన ఆ వెడల్పాటి టైర్లు రెండు వైపులా ఉబ్బి, నూనెలో పొంగిన బూరెల్లా తయారయ్యాయి. ఉబ్బినవి కారు ఒంటికి రాసుకున్నాయి. రాసుకుంటున్నాయని వెనక రేకులు కోశారు. బయటి వైపు రేకులు కోసినా లోపలి వైపు రాపిడి పోలేదు కనుక, చక్రాలను బయటికి జరపడానికి చక్రానికీ ఇరుసుకూ మధ్యలో మందపాటి ఇనుప బిళ్ళలు పెట్టారు. బిళ్ళలు పెట్టడంతో బోల్టులు అందలేదు. అందినంత మేరకు బిగించారు. టైర్లు మెత్తగా, నిరుత్సాహంగా ఉన్నాయని బసవపున్నయ్య అభిప్రాయపడగా, గాలి దట్టంగా కొట్టారు. అప్పుడవి నడుమ ఉబికి గుండ్రంగా లేచాయి. వెడల్పు కోసం ఎంచిన టైరులో అరచేయంత భాగం మాత్రమే నేలను తాకుతోంది.

"నర్సన్నా, గిది ఉరుకుతదా?" తిరుమలేశ్ వంగి చక్రాల కిందికి చూశాడు.

"ఉరుకుతది. యాడికి ఉరుకుతదో నన్ను అడగకు. ఏసింది నేనని మాత్రం యాడ చెప్పకు."

"అన్నా, నా బతుకు దీని మీదున్నదే!"

"నీ బతుకు పదమూడున్నర మీదున్నది తమ్మీ. నేను ఎనిమిదే అన్న."

శుక్రవారం ఉదయం ఫిల్మ్ నగర్‌లో ఏటవాలుగా దిగే రోడ్డు మీద కెమెరా సిద్ధమైంది. అద్వైత్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కార్లో కూర్చున్నాడు. లక్ష్మీకాంతమ్మ ప్రతి చక్రం కిందా ఒక నిమ్మకాయ పెట్టింది. వెనక చక్రాలు మరీ పెద్దవిగా కనిపించడంతో వాటికి మరికొన్ని చేర్చింది. కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు అక్కడే ధారపోసింది. ఈ పందెపు టైర్లకు గాడులు ఉండవు, నున్నగా ఉంటాయి. పొడి రోడ్డు మీద అవి అంటుకుపోతాయి. తడి మీద వాటికి రోడ్డుతో సంబంధం ఉండదు.

"నీళ్ళు పోయకుండ్రమ్మా, జారుతది!" అని తిరుమలేశ్ చేతులు జోడించాడు.

"శుభమా అని కొబ్బరినీళ్ళు పోస్తుంటే జారుతుందంటావేంటి బాబూ? నోటికి మంచి మాట రాదా?"

క్లాప్ పడింది. తిరుమలేశ్ కళ్ళు మూసుకుని "యాక్షన్" అన్నాడు. నిమ్మకాయలు చిట్లాయి. వెనక చక్రాలు రెండూ ఉన్నచోటనే గిర్రున తిరిగాయి, పొగ లేచింది, జనం చప్పట్లు కొట్టారు. అద్వైత్ ఉత్సాహపడి మరింత తొక్కాడు. తడి దాటి పొడి రోడ్డు తగలగానే కారు ఒక్క కుదుపు కుదిపింది. అందినంత మేరకు బిగించిన బోల్టులు తెగాయి. కుడివైపు వెనక చక్రం కారును విడిచి, కారు కంటే ముందుగా, కెమెరా పక్క నుంచి హుందాగా వెళ్ళిపోయింది. కారు ఒక పక్కకు కూలబడి, రోడ్డును గీసుకుంటూ ఆగింది.

"డాడీ, నేను బాగానే చేశానా?" అన్నాడు అద్వైత్, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

బసవపున్నయ్య కొడుకు వైపు చూడలేదు. "ప్యాకప్! సినిమా క్యాన్సిల్. తిరుమలేశూ, నీ జాతకం చూపించుకోకుండా వచ్చావా?"

"టైర్లు నేను ఎంచలే కద సార్!"

"డైరెక్టరువి నువ్వే కదయ్యా!"

జీవితంలో మొదటిసారి అందరి ముందూ డైరెక్టరని పిలిపించుకున్న తిరుమలేశ్, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. బాలమణికి ఏం చెప్పాలో, గల్లీ మీదుగా కాకుండా ఇంటికి వేరే దారి ఉందో లేదో ఆలోచించసాగాడు. అంతలో వాలు కింది నుంచి ఒక వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు.

"ఈ చక్రం ఎవరిదండీ? మా శేషారత్నమ్మ గారు డైరెక్టరు గారిని రమ్మంటున్నారు."

నష్టపరిహారం అడుగుతారేమోనన్న అనుమానంతో అందరూ ఏకగ్రీవంగా తిరుమలేశ్‌ను చూపించారు.

శేషారత్నం పాత నిర్మాత. వరుసగా మూడు చిత్రాలు ఆడకపోవడంతో ఆమె కూడా అదే సిద్ధాంతి గారిని సంప్రదించింది. శుక్రవారం ఉదయం గేటు బార్లా తెరిచి ఉంచితే, పడమటి నుంచి లక్ష్మి తనంతట తానుగా నడిచివస్తుందని ఆయన చెప్పారు. తెరిచిన గేటులోంచి, సరిగ్గా పడమటి నుంచి, చక్రం వచ్చింది. పోర్టికో ముందు ఒక చుట్టు తిరిగి ఒరిగింది. తిరుమలేశ్ వెళ్ళేసరికి దానికి పసుపు, కుంకుమ, చామంతి దండ పడి ఉన్నాయి.

"రండి డైరెక్టరు గారూ, కూర్చోండి. పంపింది మీరేనటగా?"

"పంపలేదమ్మా... అదే వచ్చింది."

"అదేనండీ కావలసింది! నా తదుపరి చిత్రం మీరే చేస్తున్నారు. ఒకటే షరతు, ఈ చక్రం అందులో కనిపించాలి."

తిరుమలేశ్ రెండు చేతులూ జోడించాడు. "తప్పకుండ కనిపిస్తదమ్మా. కథేందమ్మా?"

"పౌరాణికం. ద్వాపర యుగం. రథాల యుద్ధం ఉంది."

"రథానికే పెడదామమ్మా," అన్నాడు తిరుమలేశ్, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

ద్వాపర యుగంలో రబ్బరు లేదన్న సంగతి, ఆ ఇంట్లో ఎవరి భవిష్యత్తుకూ అడ్డు రాలేదు.