ఖాళీ కోసం వచ్చిన అమ్మాయి

ఆ రోజు పొద్దున టాపర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు కౌన్సెలర్ దగ్గర కూర్చుని మనసులో ఉన్నదంతా కక్కేయాలి. తర్వాత మొహం కడుక్కుని, పదకొండు గంటల ఇంటర్వ్యూలో నవ్వాలి. రెండూ ఒకే భవనంలో, ఒకే అంతస్తులో. ఇంతకన్నా కలిసొచ్చే రోజు ఉంటుందా అని మురిసిపోయింది పిచ్చిపిల్ల.

టాపర్ అన్నది అసలు పేరు కాదు. యూనివర్సిటీలో మొదటి ర్యాంకు వచ్చిన రోజున బాబాయి తగిలించిన ముద్దుపేరు. పదకొండు నెలలుగా ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాక, ఆ పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే చెంప మీద కొట్టినట్టే ఉంటోంది. నిద్ర లేదు, ఆకలి లేదు. స్నానానికి లేవాలన్నా గంటసేపు తనను తానే బతిమాలుకోవాలి. యూనివర్సిటీ వాళ్ళు పాత విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన ఈ కౌన్సెలర్ దగ్గర వంతు రావడానికే నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం రాకపోతే పోయింది, ఈ వంతు మాత్రం పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకుంది.

"ఇంటర్వ్యూ పదకొండుకి కదే, ఇప్పుడే బయల్దేరతావేం?" అంది అమ్మ.

"ముందెళ్తే మంచిదమ్మా."

"కాస్త నవ్వుతూ మాట్లాడు. పోయినసారిలా గోడకేసి చూస్తూ కూర్చోకు."

కౌన్సెలర్ సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే "నీకేం తక్కువ చేశామే" అని అమ్మ ఏడుస్తుంది. అప్పుడు అమ్మను ఓదార్చడం ఇంకో పని.

మూడో అంతస్తులో గోడలకు రంగులు వేస్తున్నారు. తలుపుల మీద ఉండాల్సిన బోర్డులన్నీ ఓ మూల పేర్చేశారు. వరండాలో బల్ల వేసుకుని కూర్చున్న వాచ్‌మన్‌కి చెవులు మందం, గొంతు మాత్రం గట్టిది.

"దేనికొచ్చావమ్మా?" అని అంతస్తంతా వినబడేలా అడిగాడు.

వెనకాల నలుగురున్నారు. టాపర్ సిగ్గుతో చచ్చిపోతూ, వంగి గొణిగింది. "అదీ... లోపలంతా ఖాళీగా ఉంటోందండీ..."

"ఖాళీయేనా? నీకన్నా ముందు ముగ్గురొచ్చారు. ఎడంచేతి గది, పో!"

ఆయన చెవిన పడింది ఖాళీ అన్న ఒక్క మాటే మరి, ఉద్యోగం ఖాళీ అనుకున్నాడు. తనలాంటివాళ్ళు ఇంకో ముగ్గురున్నారని విని టాపర్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

ఎడంచేతి గదిలో నలిగిన చొక్కాతో, ఎర్రటి కళ్ళతో ఒకాయన కూర్చుని ఉన్నాడు. అది పదకొండు గంటల ఇంటర్వ్యూ జరగాల్సిన ఆఫీసు, ఆయన మేనేజరు. ఆ సంగతి టాపర్‌కు తెలియదు.

"కూర్చోమ్మా. నీ గురించి చెప్పు," అన్నాడాయన.

ఆ ఒక్క మాట కోసమే నాలుగు నెలలు కాచుకుని ఉందేమో, ఇక ఆగలేదు. "నేనెందుకూ పనికిరానండీ. నూట నలభై చోట్ల అప్లికేషన్లు పెట్టాను. వద్దని చెప్పడానిక్కూడా ఎవరికీ తీరిక లేదు. పొద్దున లేవగానే ఈ రోజెప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది."

మేనేజరు చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. ఇంటర్వ్యూలో నిజం వినడం ఆయనకు అలవాటు లేదు. "అయితే... ఉద్యోగం వస్తే బాగుంటుందంటావా?" అన్నాడు మెల్లిగా.

"ఏమోనండీ. వచ్చినవాళ్ళ మొహాలు మాత్రం వెలుగుతున్నాయా? మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు," అని మేనేజరు భోరుమన్నాడు.

తర్వాత ముప్పావుగంట ఆయనే మాట్లాడాడు. టాపర్ మంచినీళ్ళు ఇచ్చింది, రుమాలు ఇచ్చింది, అయ్యో అంది. వైద్యంలో ఇదేదో కొత్త పద్ధతి కాబోలు అనుకుంది.

పదకొండింటికి బయటికొచ్చి, "రెండోది ఎక్కడండీ?" అని అడిగితే వాచ్‌మన్ కుడిచేతి గది చూపించాడు. అక్కడో మేడం గడియారం చూసుకుంటూ కూర్చుని ఉంది.

"ఆలస్యమైందమ్మా, పది నిమిషాలే ఉంది. ఒత్తిడి ఎక్కువైతే ఏం చేస్తావు?"

వారం రోజులుగా బట్టీ పట్టిన జవాబులు వరసగా బయటికొచ్చాయి. "ఒత్తిడిలోనే నేను బాగా పనిచేస్తాను మేడం!"

"ఒంటరిగా అనిపిస్తుంటుందా?"

"నలుగురితోనూ కలిసిపోతాను, ఒంటరిగానూ చేయగలను!"

"ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటానని అనుకుంటున్నావు?"

"మీ కుర్చీలో, మేడం!"

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత ధైర్యం ఎవరిలోనూ చూడలేదు. నీకు కౌన్సెలింగ్ అక్కర్లేదమ్మా," అని ఫైలు మూసేసింది.

"కౌ... కౌన్సెలింగా?" టాపర్ ఆ ఫైలు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "మేడం, నేనసలు బాగాలేను! అదంతా అబద్ధం, బట్టీ పట్టాను! నన్ను పంపేయకండి!"

"చూశావా, జోకులు కూడా వేస్తున్నావు! బయట నిజంగా బాధలో ఉన్నవాళ్ళు కూర్చున్నారు. వెళ్ళి రా తల్లీ."

బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు ఏడుద్దామనుకుంది. అది కూడా చేతకాలేదు.

మూడో రోజు ఫోను మోగింది. అమ్మ పరుగున వచ్చి పక్కన నిలబడింది.

"అమ్మా, నేను మేనేజర్ని. ఆ రోజు నీ మాటలతో నా కళ్ళు తెరుచుకున్నాయి. రాజీనామా చేసేశాను!"

"సంతోషం సార్. మరి నా ఉద్యోగం?"

"నీకే ఇద్దామనుకున్నానమ్మా. కానీ ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా."

టాపర్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. అమ్మ ఆశగా చూస్తోంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇప్పుడు మీకెలా ఉంది సార్?" అంది.

"హాయిగా ఉందమ్మా. పక్క గది మేడం దగ్గర నాకు చోటు దొరికింది, నేనూ ఆ యూనివర్సిటీవాణ్ణే. ఎవరో పూర్తిగా బాగైపోయి వెళ్ళిపోయారట, అదృష్టవంతులు! నీ పరిస్థితి నాకు తెలుసు కదా, మేడంతో చెప్పి వెయిటింగ్ లిస్టులో నీ పేరు రాయించాను."

చదువు పూర్తయ్యాక టాపర్‌కు దొరికిన మొదటి సిఫారసు అది.