పదునులేని కత్తుల కాపురం

ఆలుమగల కాపురం సజావుగా సాగాలంటే ఇంటినిండా కత్తులుండాలి! నవ్వకండి. మా ఆయన లైల్ పాతకాలపు సైనిక వైద్యదళం కత్తులు సేకరిస్తాడు. గాయపడినవాళ్ళను మోసుకెళ్ళే దారిలో పొదలు నరకడానికీ, విరిగిన కాలికి కట్టే బద్దలు చెక్కడానికీ చేసిన వెడల్పాటి కత్తులవి. మొత్తం ఒహాయో రాష్ట్రంలో మా ఇంటికన్నా క్షేమమైన ఇల్లు ఇంకోటి చూపించండి చూద్దాం.

ఎందుకంటారా? వాటితో ఏదీ కొయ్యకూడదు. పదును పెడితే విలువ పోతుంది. తుప్పు గీకితే చరిత్ర పోతుంది. వేలు తగిలిందా, చెమట మరక! అందుకే ఆయన తెల్లటి గ్లవుజులు తొడుక్కుని వాటిని పసిపాపల్లా ఎత్తుకుంటాడు. ఇన్ని కత్తుల మధ్య కూర్చుని మా పెళ్ళిరోజు కేకును ప్లాస్టిక్ చెంచాతో తవ్వుకు తిన్నాం. ఒంటికి ఎంత మంచిదో! చెంచాడుకి మించి ఎవరికీ రాదు, షుగరు అదుపులో ఉంటుంది.

మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో అన్న బెంగ కూడా నాకు లేదు. ఆదివారం ఏ ఊళ్ళో పాత ఆయుధాల సంత జరిగితే ఆ ఊళ్ళోనే ఉంటాడు.

మొన్న థాంక్స్‌గివింగ్ పండగనాడు ఆయన సాటి కత్తుల పిచ్చివాడు మెర్విన్ వచ్చాడు. ఇద్దరూ భోజనాల బల్ల మీద ఓ కత్తి తోలు ఒర పెట్టుకుని, దానిమీది గోధుమరంగు మరకను భూతద్దంతో చూస్తున్నారు. తుప్పని మెర్విన్. కాదు, నెత్తురని మా ఆయన. ఏ తల్లి కన్న కుర్రాడిదో, బతికాడో లేదో అనుకుంటూ ఇద్దరూ తెగ జాలిపడ్డారు. పరాయివాళ్ళ గాయం మీద ఇంత దయ ఎంతమంది మగవాళ్ళకుంటుంది చెప్పండి?

సరిగ్గా అప్పుడే వంటింట్లో క్రాన్‌బెర్రీ పళ్ళ రేకుడబ్బా మూత నా అరచేతిని కోసేసింది. రక్తం కారుతుంటే పరుగున వచ్చి కట్టుగుడ్డ అడిగాను. ఇంట్లో ఉందండీ, లేకేం! మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, అద్దాల బీరువాలో. సీలు విప్పితే దాని విలువ పోతుందట. ఈ మాట వింటుండగానే నా చేతినుంచి ఓ చుక్క ఆ ఒరమీద పడింది.

"ఆర్డిత్, కాస్త పక్కకి జరుగు," అంటూ లైల్ మెత్తని గుడ్డ తీసుకుని వంగాడు. నా చెయ్యి తుడవడానికి కాదు.

"ఉండనివ్వవయ్యా, తుడవకు," అన్నాను. "నూరేళ్ళు పోయాక ఎవరో ఒక మహానుభావుడు భూతద్దం పెట్టి చూసి, పాపం ఎవరిదో, ఎంత నొప్పి పడిందో అనుకుంటాడు."