సర్ లాంబర్ట్ డాకిన్ గారి కుడి బుగ్గ

ఇంగ్లండులో మనిషి విలువ తేల్చేవి మూడే మూడు: దేవుడు, రాజు, మా దుకాణం కిటికీ. మొదటి ఇద్దరి దగ్గర మన సంగతి ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. మా కిటికీలో మాత్రం ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా తేలిపోతుంది.

కిటికీకి ఇరవై నాలుగు అద్దాలు, అద్దానికో బొమ్మ. కళ్లకు ఎదురుగా ఉండే వరసలో వేలాడేవాడు దేశాన్ని నడుపుతున్నాడని అర్థం. పై వరసలో ఉన్నవాడు నడపాలనుకుంటున్నాడు. మోకాళ్ల ఎత్తు వరసలో ఉన్నవాడు మొన్నటిదాకా నడిపాడు. (కుక్కలకు మాత్రమే అందే అట్టడుగు వరసను కవులకు కేటాయించాం.) తెల్లారేసరికి దారికి అడ్డంగా జనం మూగుతారు. చదువొచ్చినవాడు రానివాడికి బొమ్మ కింద రాసింది చదివి వినిపిస్తాడు. జేబుదొంగ ఇద్దరికీ సమానంగా సేవ చేస్తాడు.

నా పేరు కెజయా బన్స్. మా ఆయన పోయిన దగ్గరనుంచి పన్నెండేళ్లుగా ఈ బొమ్మల వ్యాపారం నాదే. సాదా బొమ్మ షిల్లింగు, రంగు వేసినది రెండు. మంత్రులను నేను పార్టీలను బట్టి చూడను, ఎన్నాళ్లు అమ్ముడుపోతారన్నదాన్ని బట్టి చూస్తాను. పొడుగు ముక్కు అయితే రెండేళ్లు వస్తుంది. పొట్ట నాలుగేళ్లు. నీతిమంతుడని పేరుంటే ఒక్క వారం కూడా నడవదు.

బొమ్మలు చెక్కేది ఒబడయా క్లెగ్. దుకాణం పై గదిలోనే ఉంటాడు, తింటాడు, పార్లమెంటును తిడతాడు. అతను చెక్కినవాళ్లలో నాకు ఎక్కువ అచ్చొచ్చిన మనిషి లార్డ్ వెండ్‌బరీ. మంత్రిగా తొమ్మిదేళ్లు, గుండ్రటి ముఖం, ఎడమ బుగ్గ మీద బఠాణీ గింజంత పులిపిరి. ఆయన్ని అరవై ఒక్కసార్లు అచ్చు వేశాం. అన్నిట్లోనూ టర్నిప్ గడ్డే. కిరీటం పెట్టుకున్న టర్నిప్, పాలు తాగుతున్న టర్నిప్, నావికుల రొట్టెల కాంట్రాక్టును బావమరిదికి అందిస్తున్న టర్నిప్.

ఆయన కోర్టుకు వెళ్లలేకపోయారు. ఎందుకంటే బొమ్మ కింద పేరు రాసేటప్పుడు మేం మధ్య అక్షరాలు తీసేసి గీత పెడతాం. అది ఎవరన్నది చట్టానికి తప్ప అందరికీ తెలుస్తుంది. కాబట్టి నిండు కోర్టులో ఆయన లాయరే లేచి, “ధర్మప్రభువులు చిత్తగించాలి, ఈ గడ్డ మా క్లయింటే” అని చెప్పుకోవాలి. ఆ మాట అనడానికి లండన్‌లో ఏ లాయరూ తక్కువ ఫీజుకు ఒప్పుకోలేదు.

అందుకని మంత్రిగారు ఒక కార్యాలయం పెట్టించారు. దాని పేరు పోలికల ఫిర్యాదుల కార్యాలయం. అధిపతి మిస్టర్ థియొఫిలస్ స్నెల్, అంతకుముందు చీజు తూనికల ఇన్‌స్పెక్టరు. పద్ధతి చాలా న్యాయమైనది. ఫిర్యాదు చేసే పెద్దమనిషి ముందుగా “ఈ బొమ్మలో ఎడమనుంచి రెండో జంతువును నేనే” అని రాసి సంతకం పెట్టాలి. బొమ్మను చూడగానే తమకు నవ్వొచ్చిందని ఇంట్లోవాళ్లు ఇద్దరు ప్రమాణం చేయాలి. ఆ తర్వాత మిస్టర్ స్నెల్ ఇత్తడి కొలబద్దతో ముఖాన్నీ బొమ్మనూ కొలుస్తారు. పోలిక కుదిరిందా, బొమ్మ నిజం. నిజం మీద ఫిర్యాదు చెల్లదు. కుదరలేదా, ఆ బొమ్మ వేరెవరిదో. పరాయివాడి బొమ్మ మీద ఫిర్యాదు అసలే చెల్లదు.

మొదటి ఏడాది మూడొందల పద్దెనిమిది ఫిర్యాదులు వచ్చాయి. ఒక్కటీ పెండింగులో లేదు. సభ ఆ కార్యాలయాన్ని అభినందించింది. నేనూ అభినందించాను, భోజనంలోకి బుట్టెడు ఆల్చిప్పలు పంపి. ఎందుకంటే పోలిక కుదిరిన ప్రతి బొమ్మ మీదా మిస్టర్ స్నెల్ ప్రభుత్వ ముద్ర వేసేవారు. ముద్ర ఉన్న బొమ్మను రెండున్నర షిల్లింగులకు తగ్గించి అమ్మలేదు.

సర్ లాంబర్ట్ డాకిన్ గారు మా దుకాణానికి వచ్చింది ఆ సెప్టెంబరులోనే. విల్ట్‌షైర్ మనిషి. సభలో పదకొండేళ్లు వెనక బెంచీలో కూర్చుని, ముందున్నవాళ్లు ఏదంటే దానికి “బాగు బాగు” అన్నారు. ఆయన వెంట భార్య లేడీ డాకిన్ కూడా వచ్చారు. ఎక్కువగా మాట్లాడింది ఆవిడే.

విషయం ఇది. ప్రభుత్వంలో రాజముద్రల మైనం పర్యవేక్షకుడి పదవి ఖాళీ అయింది. (మైనం ఉందా లేదా అని ఏడాదికి రెండుసార్లు చూడాలి. లేకపోతే ఏం చేయాలో చూడటానికి వేరే పదవి ఉంది.) సర్ లాంబర్ట్ దరఖాస్తు పెట్టుకున్నారు. మంత్రిగారి కార్యదర్శి అడిగిన ప్రశ్న ఒక్కటే: కిటికీలో ఏ వరస? ఏ వరసలోనూ లేనని ఈయన నిజం చెప్పారు. పదవి ఎవరికి ఇస్తున్నామో జనానికి తెలియకపోతే ఎలా అని కార్యదర్శి బాధపడి, ఆ నెలాఖరులో వచ్చే మైకేల్మస్ పండుగ దాకా గడువిచ్చాడు. అంటే పద్దెనిమిది రోజులు.

“బన్సమ్మా, నన్ను గీయించు,” అన్నారు సర్ లాంబర్ట్. “ఎలాగైనా సరే. గాడిదగానైనా పరవాలేదు.”

“గాడిదలు ఏడాదికి సరిపడా ఉన్నాయి దొరగారూ.”

“పోనీ గాడిద మీద మూటగా?”

లేడీ డాకిన్ ఆయన చెయ్యి నొక్కి ఆపారు. అంతకుముందు వారం ఒక విందులో మా దుకాణం నుంచి అద్దెకు తీసుకెళ్లిన బొమ్మల కట్టను చేతులు మార్చుకుంటూ చూశారట. ఒక్కో ఇల్లాలూ “మా ఆయన్ని పందిని చేశారు”, “మా ఆయన్ని పీపాను చేశారు” అని కళ్లు తుడుచుకుంటూ, మెడ నిక్కించి చెప్పుకుందట. ఆవిడకు చెప్పుకోవడానికేమీ లేక గదిలో కొవ్వొత్తులు లెక్కపెట్టారట. యాభై రెండు.

నేను క్లెగ్‌ను కిందికి పిలిచాను. అతను సర్ లాంబర్ట్ చుట్టూ రెండుసార్లు తిరిగి, నిట్టూర్చాడు.

“గీయడానికేముంది అమ్మగారూ, గీస్తాను. కానీ చూసినవాడు ఎవరీయన అంటాడు. ఎవరో తెలిసిన మనిషిని గాడిదగా గీస్తే అది రాజకీయం. తెలియని మనిషిని గీస్తే అది ఉత్త గాడిద. దానికి షిల్లింగెవడిస్తాడు?”

వ్యాపారం తెలిసిన మాట. నేను చేతులు జోడించాను. వాళ్లు వెళ్లిపోయారు.

ఇక్కడ లార్డ్ వెండ్‌బరీ ఒక పొరపాటు చేశారు. తాను పెట్టించిన కార్యాలయం మీద తనకే నమ్మకం కలిగి, టర్నిప్ బొమ్మ మీద స్వయంగా ఫిర్యాదు చేశారు. ఇంత పెద్దమనిషి ఫిర్యాదును మామూలుగా చూస్తే బాగుండదని మిస్టర్ స్నెల్ రాత్రంతా ఆలోచించారట. కాగితం మీది బొమ్మ నకలు మాత్రమే, అసలు ప్రతి రాగి రేకు. కాబట్టి కార్యాలయం అసలునే కొలవాలి అని తేల్చారు. మనిషిని పంపి మా రేకు పట్టుకుపోయారు.

రాగి రేకు మీద క్లెగ్ అంతా తిరగేసి చెక్కుతాడు. అచ్చు యంత్రంలో నొక్కితేనే కాగితం మీద కుడి ఎడమలు సరిగ్గా పడతాయి. ఈ సంగతి మా వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. చీజుకు మాత్రం కుడి ఎడమలు ఉండవు. మిస్టర్ స్నెల్ కొలబద్ద పెట్టి చూశారు. మంత్రిగారి పులిపిరి ఎడమ బుగ్గ మీద, రేకులోది కుడి బుగ్గ మీద. పోలిక కుదరలేదు. ఈ టర్నిప్ లార్డ్ వెండ్‌బరీ గారు కానే కారు అని మూడు ప్రతుల్లో తీర్పు రాశారు.

రేకు వెంట వెళ్లిన నేను అక్కడే ఉన్నాను. నోరు తెరిస్తే నాకేం వస్తుంది, మూసుకుంటే ఏం వస్తుంది అని చూసుకున్నాను. మూసుకున్నాను.

తీర్పుతో పని అయిపోలేదు. మంత్రిగారు కాకపోతే ఆ అరవై ఒక్క బొమ్మల్లో ఉన్నది ఎవరు? ఎవరిదీ కాని ముఖాన్ని కార్యాలయం చూస్తూ ఊరుకోదు కదా. కుడి బుగ్గ మీద పులిపిరి ఉన్న పెద్దమనుషులందరూ హాజరు కావలెనని గోడల మీద ప్రకటన అంటించారు. ముగ్గురు వచ్చారు. ఒకడు కొవ్వొత్తుల వ్యాపారి, పెద్దమనుషుల లెక్కలోకి రాడు. ఒకడు తనది పులిపిరి కాదు, అంటించిన గింజ అని కొలతల్లో దొరికిపోయాడు. మూడో ఆయన సర్ లాంబర్ట్. పదకొండేళ్లుగా పౌడరు కింద దాచుకున్న చిన్న పులిపిరిని లేడీ డాకిన్ ఆ పొద్దున తడిగుడ్డతో తుడిచి, మెరిసేలా వెన్న రాసి మరీ తీసుకొచ్చారు.

“బొమ్మ చూడగానే మీకు నవ్వొచ్చిందా?” అని మిస్టర్ స్నెల్ ఆవిణ్ణి అడిగారు.

“వచ్చింది.”

“బొమ్మను చూసా, భర్తను చూసా?”

“నాకు తేడా తెలియలేదండి.”

బొమ్మలో మనిషి గుమ్మం పట్టనంత లావు, ఎదురుగా నిలబడ్డ మనిషి ఊచలా ఉన్నాడు అని గుమాస్తా ఒకడు గొణిగాడు. లావు ఈ కార్యాలయం పరిధిలోకి రాదని మిస్టర్ స్నెల్ వివరించారు. పులిపిరి వస్తుంది. అరవై ఒక్క బొమ్మల మీదా ముద్ర పడింది.

ఆ వారం లండన్‌లో అందరికంటే సంతోషించింది ఎవరో చెప్పడం కష్టం. తొమ్మిదేళ్ల అవమానాలన్నీ ఒక్క సంతకంతో వేరేవాడివైపోయాయని లార్డ్ వెండ్‌బరీ పండుగ ముందురోజే మైనం పదవి ఉత్తర్వు పంపించారు. సర్ లాంబర్ట్ కనిపిస్తే చాలు జనం బండి వెంట పరిగెత్తేవారు. ఆయన బండి కిటికీ అద్దాలు దింపించేవారు, విసిరినవి లోపల పడటానికి వీలుగా. మొదటిసారి గురి తప్పకుండా తగిలిన టర్నిప్‌ను లేడీ డాకిన్ వెండి పళ్లెంలో పెట్టి, విందుకు వచ్చినవాళ్లందరికీ చూపించారు. అది కుళ్లాక ఇంకోటి పెట్టారు. కొరత లేదు. సోమవారం పొద్దున మా గుమ్మంలో మొదట అడుగుపెట్టేది ఆయనే. ఈ వారం మరీ నీచంగా గీశారని క్లెగ్‌ను కౌగిలించుకునేవారు. నేను కొత్త రేకులు కొన్నాను.

ఎండాకాలం మొదట్లో ప్రభుత్వం పడిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా చేయాల్సిన పని ఆనవాయితీ ప్రకారం చేశారు. పాతవాళ్ల మీద విచారణ పెట్టారు. నావికుల రొట్టెల కాంట్రాక్టు సంగతి తేల్చాలన్నారు. ఆ రొట్టెల్లో పురుగులు ఉండేవి. (పురుగులు బాగానే ఉండేవని నావికులు చెప్పారు, రొట్టెనే తినలేకపోయారట.) కానీ కాగితాలన్నీ పాత మంత్రిగారి ఇంట్లో చలికని వేసిన మంటలో మే నెలలో కాలిపోయాయి. దేశం మొత్తంలో మిగిలిన ప్రభుత్వ సాక్ష్యం ఒక్కటే: బావమరిదికి కాంట్రాక్టు అందిస్తున్న టర్నిప్ బొమ్మ. దాని మీద ముద్ర ఉంది. ముద్ర పక్కన సర్ లాంబర్ట్ పేరుంది.

లేడీ డాకిన్‌కు అన్నదమ్ములే లేరు. ఆ ముక్కను విచారణ సంఘం నమోదు చేసుకుని, లేని బావమరిదికి కాంట్రాక్టు ఇవ్వడం మరింత ఘోరమని రాసుకుంది.

నేను వ్యాపారం చేసేదాన్నే కానీ రాయిని కాదు. సర్ లాంబర్ట్ సభ ముందుకు వెళ్లాల్సిన ముందురోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

“దొరగారూ, రాగి మీద బొమ్మ తిరగేసి ఉంటుందని ఒక్క ముక్క చెప్పండి. నేనొచ్చి సాక్ష్యం పలుకుతాను. అద్దం పట్టుకొచ్చి చూపిస్తాను. రేపు భోజనం వేళకు మీరు ఇంట్లో ఉంటారు.”

ఆయన బుగ్గ మీది పులిపిరి తడుముకున్నారు. “అలా చెబితే, ఆ అరవై ఒక్క బొమ్మలూ?”

“వెండ్‌బరీ గారివైపోతాయి.”

“మరి నావి?”

“మీవంటూ ఏమీ లేవు దొరగారూ.”

లేడీ డాకిన్ కుట్టుపని పక్కన పెట్టారు. గొంతు పెంచలేదు.

“పదకొండేళ్లు ఆయన ఏ తప్పూ చేయకుండా ఉన్నారు బన్సమ్మా. ఒక్కడంటే ఒక్కడు పలకరించాడా?”

నేను లేచి వచ్చేశాను. మర్నాడు ఆయన నిండు సభలో లేచి నిలబడి, “ఆ టర్నిప్ నేనే” అన్నారు. పదకొండేళ్లలో “బాగు బాగు” కాకుండా ఆయన అన్న మొదటి మాట అది. సమావేశాలు ముగిసేదాకా లండన్ టవర్ కోట జైల్లో ఉంచమని తీర్మానించారు. పైన ప్రేక్షకుల్లో కూర్చున్న లార్డ్ వెండ్‌బరీ, ప్రజాజీవితం ఎంత దిగజారిందో కదా అని తల ఆడించారు.

ఊరంతా కొత్త బొమ్మ కావాలంది. టవర్‌లో సర్ లాంబర్ట్ ఎలా ఉన్నారో చూసొచ్చి చెక్కమని క్లెగ్‌ను పంపించాను. ఖైదీని చూడాలంటే లోపలున్న ఖైదీ ఆ ఖైదీయేనని పోలికల కార్యాలయం ధ్రువీకరించాలట. ఆరు వారాలు పడుతుందట. సోమవారం ఆరు వారాలు ఆగదు. క్లెగ్ దర్జీ దగ్గర ఆయన కోటు చూశాడు, విగ్గులవాడి దగ్గర విగ్గు చూశాడు, రెండూ చెక్కి, ముఖం అనుమతి వచ్చాక పెడదామని ఖాళీ వదిలాడు. ఆదివారం సాయంత్రానికి కూడా అనుమతి రాలేదు. ఉన్నది ఉన్నట్టే అచ్చు వేసి, కళ్ల ఎదుటి వరసలో వేలాడదీశాం. పైన విగ్గు, కింద కోటు, మధ్యలో తెల్ల కాగితం.

శనివారానికల్లా ఆ బొమ్మ తామేనని సభ్యులు నలభై ముగ్గురు ఫిర్యాదు చేశారు. మిస్టర్ స్నెల్ రేకు తెప్పించి ఒక్కొక్కరినే కొలిచారు. ఖాళీని తిరగేసినా ఖాళీయే కాబట్టి ఈసారి పొరపాటుకు తావు లేదు. నలభై ముగ్గురికీ పోలిక కుదిరింది. నలభై నాలుగో ఫిర్యాదు టవర్ నుంచి వచ్చింది. బొమ్మలో పులిపిరి లేదు కనుక, ఇది ఈయన కాదని దాన్ని కొట్టేశారు.