ఆరు గంటల ప్రాణరక్షణ

వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆపిల్ తోటల మధ్య ఉన్న కోల్టన్ ఫెర్రీ ఊరి మానసిక ఆరోగ్య కేంద్రం తలుపుకి ఆ గురువారం పొద్దున్నే ఒక నోటీసు అంటించారు. "ఆత్మహత్యల నివారణ శిక్షణ జరుగుతున్నందున ఈరోజు సంప్రదింపులు రద్దు చేయడమైనది. అత్యవసరమైన వారు సోమవారం రాగలరు." అక్షరాలు పెద్దవి, భాష మర్యాదైనది. కింద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ కూడా వేశారు. ఇంతకన్నా ఏం చెయ్యమంటారు?

లైసెన్సున్న ప్రతి కౌన్సెలరూ ఆరేళ్ళకోసారి ఆరు గంటలు ఈ శిక్షణ పొంది తీరాలి. నియమం మంచిదే, కాదనడానికి నోరెలా వస్తుంది? లైసెన్సు గడువు మాత్రం ఎవరి పుట్టినరోజున వాళ్ళకి తీరిపోతుంది. లొరెట్టా ఫాస్‌కి సరిగ్గా ఆ గురువారమే యాభై ఎనిమిదేళ్ళు నిండాయి. బతకాలని లేదనేవాళ్ళ ఎదురుగా కూర్చుని వాళ్ళు చెప్పేది వినడం, ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పని అదొక్కటే. దాన్ని అనుభవం అంటారు, దానికి దరఖాస్తులో గడి లేదు. సాయంత్రం అయిదులోగా ఆరు గంటలు పూర్తి చేస్తే ఆవిడ కౌన్సెలరు. చెయ్యకపోతే పుట్టినరోజు జరుపుకుంటున్న ఒక ఆడమనిషి.

హాల్లో డోనట్లు, కాఫీ సిద్ధం చేశారు. డైరెక్టరు డాక్టర్ ప్రెస్కాట్ వేల్ గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! బాధలో ఉన్న మనిషే మనకి దేవుడు. ఆ మనిషికి మన పూర్తి శ్రద్ధ దక్కాలి. అందుకనే ఇవాళ ఒక్కణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు."

చప్పట్లు మోగాయి. అయిదు నిమిషాలు మించి కుర్చీ ఖాళీగా ఉంటే అంతవరకు కూర్చున్న గంటలన్నీ రద్దని కూడా సెలవిచ్చాడు. తర్వాత రోగి వేషం తనే కట్టాడు. కొత్త స్వెట్టరు వేసుకుని తల వంచుకుని ఆయన నిట్టూరుస్తుంటే, ఇరవై రెండు అంశాల పట్టిక చేతబట్టి ఒక్కొక్కరే వచ్చి ఆయన్ని కాపాడి వెళ్ళారు. తొమ్మిదో అంశం తల ఊపడం. ఒకాయన రెండుసార్లు ఊపినందుకు అర మార్కు తగ్గించారు.

పదకొండింటికి లొరెట్టా కిటికీలోంచి చూస్తే ఎల్విన్ ట్రాస్క్ కనిపించాడు. ఆపిల్ లారీ నడుపుతాడు. మార్చిలో భార్య పోయింది, అప్పట్నుంచీ ప్రతి గురువారం పదకొండింటికి ఆవిడ దగ్గరికి వస్తాడు. నోటీసు చదివి లారీ దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి మళ్ళీ చదివాడు. మూడోసారి వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఏడు నెలల్లో ఆ టోపీ తలమీంచి దిగడం ఆవిడ చూడలేదు. లొరెట్టా లేచి నిలబడింది.

"కూర్చో లొరెట్టా! ఇంకా మూడో పాఠంలోనే ఉన్నాం," అన్నాడు డైరెక్టరు.

"బయట ఆయన్ని చూశారా?"

"అలాంటివాళ్ళని ఎలా గమనించాలో నాలుగో పాఠంలో వస్తుంది. కాస్త ఓపిక పట్టు తల్లీ."

లొరెట్టా ఓపిక పట్టలేదు, బయటికి నడిచింది.

"ఏంటి ఎల్విన్, ఇక్కడే నిలబడిపోయావ్?"

"సోమవారం రమ్మన్నారు కదమ్మా. సోమవారానికి ఉంటానో ఉండనో... ఓసారి కనపడి పోదామని."

"చచ్చిపోవాలని ఉందా? నా దగ్గర దాచకు."

"ఉంది."

"సరే, కూర్చో. నేనూ కూర్చుంటా."

ఇద్దరూ మెట్లమీద కూర్చున్నారు.

"లోపల నీకేదో క్లాసుందటగా?" అన్నాడు ఎల్విన్.

"ఉంది. నీలాంటివాడితో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు."

"మరి నేర్చుకు రాకపోయావా? ముప్ఫై ఏళ్ళకైనా పని వచ్చేది."

తన మాటకి తనే నవ్వాడు, ఆ నవ్వులోనే భోరుమన్నాడు. ఆవిడ మూడింటి దాకా వింది. అతని చెల్లెలు వినోనాకి ఫోను చేసి రప్పించింది. అన్నని ఒంటరిగా వదలనని వినోనా మాటిచ్చింది.

"వచ్చే గురువారం పదకొండింటికి. రాకపోయావో, నేనే నీ లారీ వెతుక్కుంటూ వస్తా," అంది లొరెట్టా.

"అంత పని పెట్టన్లే. నీకోసమైనా వస్తాను," అన్నాడు ఎల్విన్.

లోపల డాక్టర్ వేల్ పదకొండోసారి ప్రాణాలతో బయటపడి డోనట్ తింటున్నాడు.

మెట్లమీది గంటలు లెక్కలో వేసుకోమని లొరెట్టా రాస్తే, లైసెన్సుల కార్యాలయం నుంచి మూడోరోజే ఉత్తరం వచ్చింది. "మెట్లమీద తమరు నిర్వహించిన కార్యక్రమానికి పాఠ్య లక్ష్యాలు ముందుగా సమర్పించనందున సదరు నాలుగు గంటలు శిక్షణ కింద పరిగణించలేము." తర్వాతి శిక్షణ జనవరిలో. ఈలోగా ఆవిడ ఎవరి బాధ విన్నా నేరం. కేంద్రం మాత్రం నూటికి నూరుపాళ్ళు శిక్షణ సాధించిందని పత్రికలో ప్రకటించుకుంది. నిజమే మరి, లొరెట్టా ఇప్పుడు కౌన్సెలరే కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

ఆవిడ కార్యాలయానికి ఫోను చేసి, కనీసం ఎల్విన్‌తో కలిసి కాఫీ తాగొచ్చా అని అడిగింది. కాఫీకి అభ్యంతరం లేదన్నారు. అతను మాత్రం ఎలా ఉన్నాడో చెప్పకూడదు, చెబితే అది సంప్రదింపు అవుతుందన్నారు.

గురువారం పదకొండింటికి ఎల్విన్ అన్నమాట ప్రకారం వచ్చాడు. కేంద్రంలో రిసెప్షన్ బల్ల దగ్గరి అమ్మాయి చక్కగా నవ్వింది.

"లొరెట్టా గారు లేరండీ. శిక్షణ పొందినవాళ్ళలో ఫిబ్రవరి మూడోవారం ఒకరు ఖాళీ అవుతారు. రాసుకోమంటారా?"

"అప్పటిదాకా ఎవరితో చెప్పుకోనమ్మా?"

ఆ అమ్మాయి అతని చేతిలో పొద్దుతిరుగుడు పువ్వున్న కరపత్రం పెట్టింది.

ఇందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికేం లేదు. నిషేధం లొరెట్టా ఒక్కదానికే. ఊళ్ళో తక్కిన పద్నాలుగు వేలమంది, అంటే ఎల్విన్‌కి క్షవరం చేసేవాడూ, పక్కింటివాళ్ళూ, చర్చిలో అతని వెనక వరసలో కూర్చునేవాళ్ళూ, ఆ మాటకొస్తే మీరూ నేనూ, "ఎలా ఉన్నావయ్యా?" అని అడిగి, జవాబొచ్చేదాకా ఆగడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. ఈ స్వేచ్ఛని ఇంతవరకు ఎవరూ దుర్వినియోగం చేసిన దాఖలా లేదు.