అధ్యక్షులవారి చెవి మిషను

రాయచూరు స్టేషను వెనుక గల్లీల సయోధ్య సంఘం తన అధ్యక్షుడు గురునాథ్‌కు డిజిటల్ చెవి మిషను బహూకరించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. శాలువాలు కప్పి కప్పి సభ్యులు అలసిపోయారు. ఆయన ఇంట్లో బీరువా కూడా నిండిపోయింది.

గురునాథ్ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమంతా టర్బైన్ల పక్కన నిలబడి పదవీ విరమణ చేసినవాడు. ఊళ్లకు వెలుగు వచ్చింది, ఆయనకు చెవుడు వచ్చింది. సంఘానికి అంతకన్నా తగిన అధ్యక్షుడు దొరకలేదు. తగాదాకు వచ్చినవాళ్లు ఎంత అరిచినా ఆయన ముఖం చిట్లించేవాడు కాదు. రెండు పక్షాలవైపూ తిరిగి సమానంగా తల ఊపి, చివర "కలిసుండుండ్రి" అనేవాడు. నిష్పాక్షికత అంటే అదేనని గల్లీలన్నీ మెచ్చుకున్నాయి.

ఆయనకు మాత్రం లోపల బెంగగా ఉండేది. ఎదురుగా పెదవులు కదులుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎందుకో తెలియదు. మళ్లీ చెప్పమంటే చెవుడు బయటపడుతుందని భయం. అందుకని తల ఊపేవాడు.

మిషను ఎంపికకు సంఘం మొత్తం ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చెవులు పరీక్షించే మేఘ ఆయన దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "పెద్దనాయినా, మీకు వినికిడి బాగ తగ్గింది. చెవి వెనకాల పెట్టుకునేది కావాలె, రెండు చెవులకూ. లోపల దాచే చిన్నదాని బలం మీకు చాలదు. దాని బ్యాటరీ గింజంత ఉంటది, మీ వేళ్లకు చిక్కదు."

కోశాధికారి శివన్న ఒప్పుకోలేదు. "బయటికి కనబడొద్దు, అదే ముఖ్యం. అధ్యక్షునికి చెవుడని తెలిస్తే సంఘం ఇజ్జత్ ఏం గావాలె?"

"రెండెందుకమ్మా?" అన్నాడు కార్యదర్శి బసవప్ప. "తల రెండు దిక్కులా తిప్పుతడు గద."

చెవి గలవాడి అభిప్రాయం అడగడం సంఘం నియమావళిలో లేదు. కంటికి కనపడని మిషను ఒక్కటి, కుడి చెవికి ఖరారైంది. బహూకరణ సభలో బసవప్ప గొంతు పగిలేలా ప్రసంగించాడు. "సోదరులారా! ఈ రోజు నుంచి గురునాథన్న చెవి ఆయనది కాదు, ప్రజలది!" చప్పట్లు మోగాయి. గురునాథ్‌కు సన్నని ఈల, అవతలి బియ్యం మిల్లు హోరు వినిపించాయి. ఆయన తల ఊపాడు. పథకం జయప్రదమైనట్టు ప్రకటించారు.

భార్య సిద్దమ్మ ఒక్కతే నమ్మలేదు. ఎవరికీ చెప్పకుండా ఆయన్ను మళ్లీ మేఘ దగ్గరికి తీసుకెళ్లి, దాన్ని మార్పించి, చెవుల వెనక పెట్టుకునే జత ఇప్పించింది. "ఇవి మెల్లగ మాట్లాడేటోళ్ల గొంతు పెంచుతయి, చెవులు పగిలే మోతను తగ్గిస్తయి" అని మేఘ అమర్చింది.

వెనకాల కూర్చున్న సిద్దమ్మ తనలో తాను గొణుక్కుంది. "ఎండ మండుతుంది. ఆటో దొరుకుతదో లేదో."

"దొరుకుతదిలే" అన్నాడు గురునాథ్, వెనక్కి తిరగకుండానే.

సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆటో దొరికినా ఆమె ఎక్కలేదు. దారి పొడుగునా మాట్లాడుకుంటూ ఎండలోనే నడిచారు.

తరువాతి సమావేశానికి చెన్నవ్వ తగాదా వచ్చింది. కొత్తదేమీ కాదు. చెన్నవ్వ మొగుడు పోయాక మరిది ఆమె ముందుగదిని ఎండు మిరపకాయల గోదాము చేసుకున్నాడు. ఆ మరిది శివన్నే. సంఘం ప్రతిసారీ కలిసుండమంటూనే ఉంది. గురునాథ్ తెల్లజుట్టు చెవుల మీదికి పెరిగి ఉంది కనుక కొత్త జత ఎవరికీ కనబడలేదు.

చెన్నవ్వ ఎప్పటిలాగే నేలచూపులు చూస్తూ చెప్పింది. "ఘాటుకు పిల్లకు దమ్మొస్తుందన్నా, ఊపిరాడదు. రాత్రంతా కూసొనే ఉంటది. పండుకోనీకి ఉన్నది గా గదొక్కటే."

శివన్న బసవప్ప చెవిలో ఊదాడు. "ముసలోనికి ఏం ఇనబడ్తలేదు. ఇప్పుడు తల ఊపుతడు చూడు."

గురునాథ్ తల ఊపలేదు. ఇన్నాళ్లూ తాను ఊపింది దేనికో అప్పుడు తెలిసింది.

"ఊపను శివన్నా" అన్నాడు. "లే. బస్తాలు తీద్దాం."

అధ్యక్షుడు నిజంగానే లేచి నడిచాడు. చెన్నవ్వ ముందుగదిలోంచి మొదటి బస్తాను తానే ఈడ్చి వాకిట్లో పడేశాడు. దగ్గు ముంచుకొచ్చింది. శివన్న గల్లీ దద్దరిల్లేలా తిట్టాడు. మిషను ఆ తిట్లను తన ధర్మం ప్రకారం తగ్గించి వినిపించింది. గురునాథ్ రెండో బస్తా పట్టుకున్నాడు, రెండో కొస సిద్దమ్మ పట్టుకుంది. గల్లీ జనం ఎవరి గడపల్లో వాళ్లు నిలబడి క్రమశిక్షణతో చూశారు. దీపాలు పెట్టే వేళకు గది ఖాళీ అయింది.

సంఘం అత్యవసరంగా సమావేశమై, కొత్త జత సంగతి ఆరా తీసింది. "సదరు మిషను మెల్లగా మాట్లాడేవారి గొంతు పెంచి, గట్టిగా మాట్లాడేవారి గొంతు తగ్గించి, గల్లీలో చిరకాలంగా నెలకొన్న సామరస్యానికి భంగం కలిగించినందున" గురునాథ్‌ను గౌరవపూర్వకంగా తొలగించారు. ఇకపై అధ్యక్షుడికి పుట్టుకతో వచ్చిన చెవులే ఉండాలని నియమం పెట్టారు. బసవప్పను ఎన్నుకునే ముందు, తమ చిత్తశుద్ధికి నిదర్శనంగా, సభ్యులందరూ మేఘ దగ్గర పరీక్ష చేయించుకుని వచ్చారు.

ఆ వారంలోనే మిషను శుభ్రం చేయించుకోవడానికి వెళ్లిన గురునాథ్ ఫలితాలు అడిగాడు.

"అందరివీ పసిపిల్లల చెవులు, పెద్దనాయినా. ఎవ్వరికీ ఏ లోపమూ లేదు."

"వీళ్లందరివీ చెన్నవ్వ ఇంటికి ఆనుకున్న ఇండ్లే. రాత్రి పూట గోడ అవతల పిల్ల దగ్గితే ఇనబడ్తదా?"

"ఎందుకు ఇనబడదు? గుసగుస కూడ ఇనబడ్తది."

గురునాథ్ అద్దాల బీరువాలో వరుసగా పేర్చిన మిషన్ల వైపు చూశాడు. వెనకవి, లోపలివి, కనబడేవి, కనబడనివి.

"వీటిల వాళ్లకు సరిపోయేది ఏదమ్మా?"

మేఘ బీరువా తలుపు మూసింది. "చెవులు బాగున్నోళ్లకు మా దగ్గర ఏం లేదు, పెద్దనాయినా."